రియాల్ పెరిగిన నెల

2022 జూలైలో డాలర్ మొదటిసారి 80 రూపాయలు తాకింది. ఆ వారం ఖమీస్ ముషైత్‌లో డబ్బు పంపే కౌంటర్ దగ్గర మామూలు కంటే పెద్ద వరస. కేరళవాళ్లు, మనవాళ్లు, అందరి కళ్లూ రేటు బోర్డు మీదే. 1986 నుంచి డాలర్‌కి 3.75 రియాళ్లే, అది కదలదు. కాబట్టి రూపాయి జారితే మాకు పండగ. జనవరిలో రియాల్‌కి 20 రూపాయలు కూడా రాలేదు, ఇప్పుడు 21 దాటింది. నేను పంపే రెండు వేల రియాళ్లకి దాదాపు మూడు వేలు ఎక్కువ.

హైదరాబాద్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"మంచిదేరా. సిలిండర్ పదకొండు వందలు దాటింది, మరి దానికేమంటావ్?" అంది.

ఏమంటాను? నాకొచ్చిన మూడు వేలకీ, ఆ సిలిండర్‌కీ చుట్టరికం ఉంది. మన దేశం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా బయట కొన్నదే, అదీ డాలర్లలో. బ్యారెల్ ధర కదలకపోయినా రూపాయి జారితే బిల్లు పెరుగుతుంది. ఈసారి అదీ కదిలింది. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు, పొద్దుతిరుగుడు నూనె రెండూ ఎగిశాయి. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా కొన్ని వారాలు పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.79 శాతం. మేలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని 4 నుంచి 4.40కి పెంచింది. దాంతో నూనెగింజలేమీ ఎక్కువ పండవు. అప్పు చేసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, అంతే. మా అక్కావాళ్లు తగ్గారు, ఇంటిలోను ఆలోచన పక్కన పెట్టేశారు.

నిజానికి వాళ్లు అంతకుముందే ఒకసారి తగ్గాల్సి వచ్చింది, అది నావల్ల. 2019లో ఊరి చివర ఓ ప్లాటు కొన్నాను. ఓనరు చెప్పిన ధరని రియాళ్లలోకి మార్చుకుని చూస్తే చవకే అనిపించింది. బేరం కూడా ఆడలేదు. ఆర్నెల్ల తర్వాత అదే వరసలో ప్లాటు చూడ్డానికి బావ వెళ్తే, "మొన్న గల్ఫాయన ఇంతకి కొన్నాడు" అని నా రేటే చెప్పారట. అక్కడ కొత్తగా రోడ్డు రాలేదు, నీళ్లు రాలేదు. డబ్బొచ్చింది, నేల మాత్రం అంతే ఉంది. బావ జీతం రూపాయల్లో.

"ఆ గల్ఫాయన మా బామ్మర్దే అని చెప్పలేదురా," అని నవ్వాడు బావ.

వాళ్లింకా అద్దెకే ఉంటున్నారు. ఈ నెల కూడా ముందు రేటు బోర్డే చూశాను. పది పైసలు పెరిగింది. సంతోషమేసింది, ఏం చెయ్యను.