కుంగిన మఫిన్లు, పొంగిన మఫిన్లు

వార్షిక సంచిక తెలుగు విభాగానికి ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, విద్యార్థులు – క్రమశిక్షణ, దేశ ప్రగతిలో స్త్రీల పాత్ర వంటి గంభీర విషయాలేవీ నా కలానికి లొంగలేదు. ఇంటిలో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న నాకు రెండు భాషలలోనూ చెప్పగలిగినంత బాగా తెలిసిన సంగతి ఒక్కటే ఉన్నది. అది మా వంటింటిలో చాక్లెట్ మఫిన్లు చేయడం. ఇంకా నిజం చెప్పాలంటే, వాటిని చెడగొట్టి మళ్ళీ బాగుచేసుకోవడం. ఇది కళాశాల సంచికకు తగిన విషయమేనా అని పెద్దలు సందేహించవచ్చు. రసాయన శాస్త్రంలో మూడేండ్లుగా చదివినది నాకు నిజంగా అర్థమైనది ఆ వంటింటిలోనే కనుక మన్నించగలరని ఆశిస్తున్నాను.

మా అబ్బా హైదరాబాదు పాతనగరంలోని ఒక బేకరీ కార్ఖానాలో ఇరవై రెండేండ్లు భట్టీ ముందు పనిచేశారు. రాత్రి భోజనమైన తరువాత వెళ్ళి, తెల్లవారి ఫజర్ నమాజు వేళకు ఇంటికి వచ్చేవారు. ఆయన చొక్కా నుంచి పులిసిన పిండి వాసన, కాలిన కట్టెల వాసన కలిసి వచ్చేవి. నాకు తెల్లవారడమంటే ఆ వాసనే. 2019లో ఆయనకు ఊపిరి అందని బాధ మొదలయినది. మైదా ధూళి వలన వచ్చిన ఉబ్బసమని వైద్యులు చెప్పారు. ఇది రొట్టెలు కాల్చేవారికి కొత్త వ్యాధి కాదు. ఇటలీకి చెందిన రమజ్జినీ అనే వైద్యుడు 1700లో ప్రచురించిన వృత్తిరోగాల గ్రంథంలోనే పిండి ధూళి వలన వారు పడే యాతనను వర్ణించాడు. మూడు శతాబ్దాల క్రితమే గ్రంథస్థమైన సంగతి మా ఇంటికి మాత్రం ఆలస్యంగా తెలిసింది. యజమాని ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపివేశారు. ఆ తరువాత అబ్బా బేకరీ మాట ఎత్తలేదు. వరండాలో కుర్చీ వేసుకొని వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. అమ్మీ కుట్టుపనితో ఇల్లు గడిచేది.

మా ఖాలా తన ఇంటిలో మూలపడి ఉన్న విద్యుత్ ఓవెన్ నాకు ఇచ్చినప్పుడు, నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశతోనే మఫిన్ల పని మొదలుపెట్టాను. కేకుకు వెన్న, చక్కెర కలిపి నురుగు వచ్చేదాకా గిలకొట్టాలి. మఫిన్‌కు ఆ శ్రమ లేదు. పొడి పదార్థాలు ఒక గిన్నెలో, తడి పదార్థాలు మరొక గిన్నెలో సిద్ధం చేసి, రెంటినీ కలిపి కాగితపు గిన్నెలలో పోసి కాల్చడమే. ఇంత సులభమైన వస్తువును చెడగొట్టడానికి ఎన్ని దారులు ఉన్నవో నాకు అప్పటికి తెలియదు.

మొదటిసారి చేసినవి పైన గోపురంలా మొన తేలి, లోపల చీమల పుట్టవలె సొరంగాలతో, రబ్బరువలె సాగినవి. వరండాలోకి ఒకటి తీసుకువెళ్ళి ఇచ్చాను. అబ్బా దానిని తినలేదు. రెండుగా విరిచి, లోపలి భాగాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. "దీన్ని చాలా కొట్టావు, బేటా" అని మళ్ళీ వీధి వైపు తిరిగారు. ఆయన ఉర్దూలో అన్నదానిని తెలుగులో చెబుతున్నాను. ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిదనుకొని ఐదు నిమిషాలు గరిటె తిప్పిన మాట నిజమే. మైదా తడిసిన తరువాత కలిపినకొద్దీ అందులోని మాంసకృత్తులు పెనవేసుకొని గ్లూటెన్ అనే సాగే జాలమవుతుంది. పరోటాకు ఆ సాగుడే ప్రాణం. మఫిన్‌కు అదే శత్రువు. పన్నెండు, పదిహేనుసార్లు గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పి, అక్కడక్కడ పొడి చారలు కనబడుతున్నా సరే, చేయి ఆపివేయాలి. చూస్తూ చేయి ఆపడం కష్టం. నాకు ఇప్పటికీ కష్టమే.

రెండవసారి మెత్తగా, అందంగా వచ్చినవి. కొరికితే సబ్బు నాకినట్లు ఉన్నది. పెరుగు లేదని పాలు పోశాను. సోడా మాత్రం పుస్తకంలో ఉన్నంత వేశాను. సోడియం బైకార్బొనేట్‌కు ఆమ్లం తోడు దొరికితే పూర్తిగా విచ్ఛిన్నమై బొగ్గుపులుసు వాయువు విడుస్తుంది. తోడు లేక వేడి మాత్రమే తగిలితే వాయువుతో పాటు సోడియం కార్బొనేట్‌ను, అంటే బట్టల సోడాను, మిగులుస్తుంది. ఈ సమీకరణాన్ని పరీక్షలలో ఎన్నిసార్లు తుల్యం చేశానో లెక్కలేదు. అది నా నోటిలోకి వస్తుందని మాత్రం ఏనాడూ తోచలేదు.

నేను కొన్న కోకో పొడి కూడా ఈ తప్పులో భాగస్వామి. సహజమైన కోకోకు కొంత ఆమ్లగుణం ఉంటుంది. హాలెండులో వాన్ హౌటెన్ అనే కుటుంబంలో తండ్రి పేరిట 1828లో కోకో నుంచి కొవ్వును పిండే యంత్రానికి హక్కులు లభించినవి. కుమారుడు ఆ పొడిని క్షారంతో శుద్ధిచేసే పద్ధతి ప్రవేశపెట్టాడు. అట్లా చేసిన కోకో రంగు ముదురుగా, రుచి సౌమ్యంగా ఉంటుంది, కాని ఆమ్లగుణం పోతుంది. అట్టి పొడి వాడేటప్పుడు పెరుగో మజ్జిగో ఉండాలి, లేదా సోడా మాని బేకింగ్ పౌడర్ వేయాలి. అందులో ఆమ్లం ముందే కలిసి ఉంటుంది. ఈ బేకింగ్ పౌడర్‌కు ఒక చిన్న చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనవేత్త 1843లో దానిని తయారుచేశాడు. ఆయన భార్యకు గుడ్లు, పులియబెట్టే ఈస్టు పడేవి కావు. ఆమె రొట్టె తినగలగాలని ఆ పొడిని కనుగొన్నాడు. పాఠ్యపుస్తకాలవారు ఇటువంటివి ఎందుకు వ్రాయరో!

ఇక మూడవ సంగతి. మా వీధిలో ఒక పిల్లవాడి బిస్మిల్లా వేడుకకు అరవై మఫిన్లు కావాలని, మరునాటి ఉదయం తొమ్మిదింటికి అందించాలని ఐదువందల రూపాయలు బయానా ఇచ్చారు. ఆ డబ్బు అందిన రోజే నా పరీక్ష రుసుముకు కట్టివేశాను. కనుక వెనక్కి ఇచ్చే దారి లేదు. బాగా పొంగాలన్న అత్యాశతో బేకింగ్ పౌడర్ రెట్టింపు వేశాను. త్వరగా ముగించాలని రెండు పళ్ళేలు ఒకేసారి ఓవెన్‌లో ఇరికించాను. ఆత్రం పట్టలేక ఐదు నిమిషాలకొకసారి తలుపు తెరిచి చూశాను. ఇరవై నాలుగు మఫిన్లూ గొప్పగా లేచి, నా కళ్ళముందే నడుమ గుంటలు పడి కుంగిపోయినవి. రాత్రి పదకొండు దాటినది. అమ్మీ ఏమీ అనకుండా కుట్టుమిషను ఆపింది. నేను నేలమీద కూర్చుని ఏడ్చాను.

అప్పుడు అబ్బా వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఓవెన్ వచ్చిన తరువాత ఆయన అంతవరకు రావడం అదే మొదలు. లోపల మైదా ఉన్నదని అమ్మీ చేయి అడ్డం పెట్టింది. ఆయన ఆగి, నన్ను ఒక్కటే అడిగారు: "పిండి తడిసిందా?"

ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆయనకు హాని చేసేది గాలిలో లేచే పొడి పిండి. తడిసి ముద్దయిన పిండి గాలిలోకి లేవదు. ఇన్ని నెలలుగా మేమెవరమూ ఆ రెంటినీ వేరుచేసి ఆలోచించలేదు. వంటింటిని తడిగుడ్డతో తుడిచి, మైదా డబ్బా, జల్లెడ తీసుకొని మిద్దె మీదికి వెళ్ళాను. నీళ్ళ తొట్టి చాటున గాలి తగలని చోట జల్లించి, అక్కడే తడి పదార్థాలు కలిపి, బట్టలు దులుపుకొని, మూత పెట్టిన గిన్నె క్రిందికి తెచ్చాను. అరవైకీ ఒకేసారి కలిపి పెడతానంటే అబ్బా ఒప్పుకోలేదు; నిలవ ఉంటే పిండిలోని గాలి చచ్చిపోతుందన్నారు. అది నిజమే, తడి తగిలిన క్షణం నుంచి వాయువు వెలువడుతూనే ఉంటుంది. ఆ రాత్రి మిద్దె మెట్లు ఐదుసార్లు ఎక్కి దిగాను. తమ్ముడు దుకాణదారుని లేపి గుడ్లు తెచ్చాడు.

అబ్బా పీట వేసుకొని ఓవెన్ ముందు కూర్చున్నారు. ముందుగా ఖాళీ పళ్ళెంలో తెల్ల కాగితపు ముక్కలు నాలుగు మూలలా పెట్టించి, అవి రంగు మారే తీరును కనిపెట్టి చూశారు. వెనుక ఎడమ మూల మిగిలిన చోట్లకంటె వేడి అని, మొత్తం మీద వేడి చాలదని తేల్చారు. తరువాత కొంతకాలానికి ఉష్ణమాపకం కొని పెట్టి చూస్తే, 180 గీత దగ్గర లోపల నిజంగా ఉన్నది 160 డిగ్రీలే! కుంగిపోవడానికి నా మూడు తప్పులతో పాటు ఈ నాలుగవదీ కారణమే. వాయువు పైకి నెడుతున్నప్పుడు గోడలు గట్టిపడేటంత వేడి లేకపోతే కట్టడం నిలవదు. ఆయన గడియారం చూడలేదు. "వాసన రెండవ గదిలోకి పోయిందా?" అని అమ్మీని అడిగి, పోయిందన్న తరువాత మూడు నిమిషాలకు తీయించారు. పైభాగాన్ని వేలితో మెల్లగా నొక్కి, అది తిరిగి పైకి లేస్తే తల ఊపేవారు. రెండున్నరకు అరవై పూర్తయినవి.

పన్నెండు మఫిన్లకు నేను ఇప్పుడు వాడే కొలతలు అడిగే స్నేహితురాండ్రు ఉన్నారు కనుక ఇక్కడ వ్రాస్తున్నాను. మైదా 200 గ్రాములు, కోకో 40, చక్కెర 150. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచా, సోడా అరచెంచా, చిటికెడు ఉప్పు. గుడ్లు రెండు, పెరుగు 200 గ్రాములు, పాలు 60 మిల్లీలీటర్లు, నూనె 100. పైన 100 గ్రాముల చాక్లెట్ ముక్కలు. పాలు వేడిచేసి కోకోను అందులో కలిపి చల్లార్చితే రుచి ఘాటుగా తేలుతుంది. కోకో మైదాకంటె ఎక్కువ తడి పీలుస్తుంది కనుక కోకో పెంచితే పాలు కూడా పెంచాలి. మైదాను గిన్నెతో కాక తూకంతో కొలవాలి. గిన్నెలో అదిమి కొలిస్తే పిండి ఎక్కువై మఫిన్ ఎండిపోతుంది. గిన్నెలు ముప్పాతిక మాత్రమే నింపి, మొదట 200 డిగ్రీలలో ఆరు నిమిషాలు, తరువాత 180లో పన్నెండు, పద్నాలుగు నిమిషాలు కాల్చాలి. పళ్ళెం ఒకసారి త్రిప్పాలి. అదైనా కడపటి నిమిషాలలోనే. పుల్ల గుచ్చితే తడి పలుకులు రెండు అంటవచ్చు, పచ్చిపిండి అంటరాదు. చాక్లెట్ ముక్కలు అడుగుకు దిగితే పిండి పలుచన అయినదని అర్థం. కాల్చిన తరువాత ఐదు నిమిషాలకంటె అచ్చులో ఉంచితే ఆవిరి చెమ్మ పట్టి అడుగు తడుస్తుంది.

ఓవెన్ లేనివారు ప్రెషర్ కుక్కరు రబ్బరు, విజిల్ తీసివేసి, అడుగున ఉప్పు పోసి, పది నిమిషాలు కాచి, లోపల స్టాండు మీద కాల్చుకోవచ్చు. పైన రంగు తక్కువగా వస్తుంది. చాక్లెట్ నలుపులో అది ఎవరికీ కనబడదు.

కుంగిన ఇరవై నాలుగింటిని వారం రోజులు పాలలో నానబెట్టుకొని మేమే తిన్నాము. ఇప్పుడు వారానికి రెండు, మూడు బేరాలు వస్తున్నవి. జల్లించే పని మిద్దె మీదనే. అబ్బా పీట ఓవెన్ ముందు నుంచి కదలలేదు. భట్టీ రోజుల కథలు కూడా అప్పుడప్పుడు చెబుతున్నారు. మొన్న ఆయన ప్రక్కన కూర్చుని పరీక్షకు చదువుతూ, సోడా సమీకరణాన్ని కాగితం మీద వ్రాసి చూపాను. చాలాసేపు చూసి, "ఇందులో పొంగించేది ఏది?" అని అడిగారు. చివరనున్న వాయువును వేలితో చూపాను.

"దీనికి ధూళి ఉండదు కదా?" అన్నారు.

ఉండదన్నాను. ఆయన కాగితం నా చేతికి ఇచ్చి, పళ్ళెం త్రిప్పడానికి గుడ్డ అందుకొన్నారు.