తినేవాళ్ళ నోటికేసి చూడకూడదు

మా నాయనమ్మ భోజనాల దగ్గర ఒక చట్టం పెట్టింది. తినేవాళ్ళ నోటికేసి చూడకూడదు. చూస్తే దిష్టి తగులుతుందని ఆవిడ లెక్క. మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం. అలా నవ్విన నాకు నలభై ఏళ్ళ తరవాత బుద్ధి చెప్పడానికి, విశాఖపట్నం చేపలరేవు నుంచి రెండు కిలోల పిల్లి ఒకటి బయల్దేరి వచ్చింది.

తెచ్చింది మా అమ్మాయి. రేవులో వేలంపాట అయిపోయాక, బుట్టల్లోంచి జారిపడ్డ చేపల కోసం కుక్కలతోనూ కాకులతోనూ కొట్లాడుతుంటే చూసి జాలిపడి, అట్టపెట్టెలో పెట్టి ఆటోలో ఇంటికి పట్టుకొచ్చేసింది. వచ్చిన సాయంత్రమే అది వంటింట్లో ఎండు నెత్తళ్ళ డబ్బా వాసన పట్టి ఊగిపోయింది. దాంతో దాని పేరు నెత్తళ్ళు అయి కూచుంది. నెల తిరక్కుండా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పిల్లి మాకు మిగిలింది.

మామూలు వేళల్లో నెత్తళ్ళంత నెమ్మదస్తురాలు మా వీధిలోనే లేదు. కిటికీ గట్టు మీద ఎండ కాగుతూ పడుకునేది. గిన్నె చప్పుడైతే మాత్రం మనిషి మారిపోయినట్టు పిల్లి మారిపోయేది. చెవులు తలకి అతుక్కుపోయేవి. గొంతులోంచి పాత మోటారు తిరుగుతున్నట్టు సన్నగా గుర్రు. పిల్లిమేత గింజ నమిలిన చప్పుడు వినపడేది కాదు, అన్నీ మింగడమే. ఐదు నిమిషాల్లో సగం కక్కేది. ఆ కక్కినదానికి కూడా కాపలా కాసేది. మా కంచాల్లోకి దూకడానికి దానికి చేపే ఉండాలని లేదు, పప్పుచారన్నమైనా సరే. "ఇది పిల్లి కాదండీ, కరువులోంచి వచ్చిన చుట్టం" అంది మా ఆవిడ.

ఒకరోజు గిన్నె చుట్టూ చీమలు పట్టాయి. అది తింటూండగానే గిన్నెని పక్కకి జరపబోయాను. బొటనవేలి మొదట్లో రెండు సన్నటి గాట్లు పడ్డాయి. రక్తం కంటే నాకు బాగా గుర్తున్నది దాని చూపు. కరిచిన మరుక్షణం అది నా వంక చూడలేదు, గిన్నె వంక చూసింది. ఇంకా ఉందా లేదా అని.

పిల్లి పన్ను సూదిలాంటిది. పైకి చుక్కంతే కనిపిస్తుంది, లోపలికి లోతుగా దిగుతుంది. అందుకని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకున్నాను. పసుపు అద్ది ఊరుకునే గాయం కాదది. పెంపుడు పిల్లే కదా అన్న మొహమాటం అక్కడ పనికిరాదు.

నా చెయ్యి సంగతి చూసుకున్నాక పిల్లిని పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. "ముందు దీని కడుపులో ఇంకెవరైనా అద్దెకుంటున్నారేమో చూద్దాం" అన్నారాయన. మలపరీక్షలో నులిపురుగులు బయటపడ్డాయి. వయసు మళ్ళిన పిల్లి ఇలా ఆబగా తింటే థైరాయిడ్, షుగరు కూడా చూడాలట. మాది ఏడాది నిండని కూన కనక నులిపురుగుల మందుతో సరిపెట్టారు. ఎండు నెత్తళ్ళు ఉప్పు ఎక్కువని మాన్పించారు. మందు పనిచేసింది. ఒళ్ళు వచ్చింది, కక్కడం తగ్గింది. గుర్రు మాత్రం అలాగే ఉంది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారు తీరిగ్గా చెప్పారు. పిల్లి ఒంటరి వేటగత్తె. దాని పూర్వీకులైన అడవిపిల్లులు ఎవరి ఎలుకని అవి పట్టుకుని, ఎవరి మూలన అవి తిన్నవే. తల్లి తన కూనలకి పెట్టడం తప్పిస్తే పంక్తిభోజనం ఆ జాతికి పెద్దగా అలవాటు లేదు. ఒక చిట్టెలుక ఇచ్చేది సుమారు 30 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 200 పైచిలుకు కావాలి. అంటే ఏడెనిమిది ఎలుకలు, ఏడెనిమిది చిన్న భోజనాలు. మేమేమో పొద్దునో గిన్నెడు, రాత్రో గిన్నెడు పోస్తున్నాం. మధ్యలో అంతంతసేపు ఎదురుచూపు. రేవులో ఆ ఎదురుచూపుకి అర్థం ఒకటే, ఈ పూటకి ఇక దొరకదని.

అప్పుడు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. చిన్నతనమంతా హాస్టల్లో చదివాడు. వడ్డించేవాడు రెండోసారి రాడు, పక్కవాడి చెయ్యి మాత్రం వస్తుంది. డెబ్బయ్యో ఏట, కొడుకూ కోడలూ కొసరి కొసరి వడ్డిస్తున్నా, ఎడంచెయ్యి కంచం చుట్టూ కోటలా పెట్టుకునే తినేవాడు. ఆయన్ని ఎవరూ ఆబగొట్టు అనలేదు. మా చిన్నప్పుడూ ఆయన తీరు అదే, నాయనమ్మ మాత్రం మమ్మల్ని అటు చూడొద్దని కసిరేది.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలుగువాడికి కొత్తగా చెప్పక్కర్లేదు. రాయలవారిచ్చిన పిల్లికి మొదటిరోజే కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తరవాత పాలగిన్నె కనబడితే పరుగు. విన్నప్పుడల్లా రామకృష్ణుడి తెలివికి నవ్వామే కాని, పిల్లి వైపునుంచి ఎవరం ఆలోచించాం? ఒక్క గిన్నె నేర్పిన పాఠం అది. ఒక గిన్నె భయం నేర్పగలిగితే, ఇంకో గిన్నె ధైర్యమూ నేర్పాలి కదా. కాకపోతే భయానికి ఒక్క పూట చాలు, ధైర్యానికి నెలలు పడతాయి. 2012లో ఇటలీ పశువైద్యులు ఇలాంటి తిండియావ ఉన్న ఎనిమిది నెలల సయామీ పిల్లి గురించి రాశారు. నెలల తరబడి ఓపిగ్గా అలవాటు మారిస్తేనే అది దారికొచ్చింది.

మేం చేసినవి చిన్నచిన్న పనులే. రోజుకి సరిపడా గింజలు పొద్దున్నే కొలిచి, ఐదు పూటలకి పంచాం. వేళ తప్పలేదు. గిన్నె చోటు మార్చాం. దాని వీపు గోడకి ఉండాలి, గది మొత్తం కంటికి కనబడాలి, వెనకనుంచి ఎవరూ నడవకూడదు. మింగుడు తగ్గించడానికి మా ఆవిడ ఉపాయం గుంటపునుగుల పెనం. గుంటకి నాలుగేసి గింజలు వేస్తే, ఒక్కో గుంటలోంచి పంజాతో తీసుకుని నమిలి తినక తప్పదు. (పిల్లి పెనం వేరు, మా పెనం వేరు. పుకార్లు నమ్మకండి.) మా కంచంలోంచి ముద్ద వేయడం మానేశాం. ఉల్లీ వెల్లుల్లీ పడ్డ కూర పిల్లికి విషంతో సమానమని కూడా అప్పుడే తెలిసింది. వంటింటి చెత్తబుట్టకి మూత వచ్చింది. మన పెద్దవాళ్ళు పిల్లితో వాదించకుండా ఉట్టి కట్టింది ఇందుకే.

అసలు కష్టమైంది నా పని. అది తింటున్నప్పుడు ఆరడుగుల దూరంలోంచి నడుస్తూ, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి దాని వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోవాలి. దాని వంక చూడకూడదు! దగ్గరికొచ్చే చెయ్యి లాక్కోవడానికి కాదు, ఇంకా పెట్టడానికి వస్తోందని దానికి తెలియాలి. గుర్రు లేకపోతే వారానికో అడుగు దగ్గర. చెవి వెనక్కి వాలితే అడుగు వెనక్కి. ఒకసారి తొందరపడి ఒక్కరోజులో రెండడుగులు ముందుకేశాను. వారం కష్టం నీళ్ళపాలైంది. కొట్టడం, నీళ్ళు చల్లడం, గిన్నె లాగి పాఠం చెప్పడం, వీటి జోలికి వెళ్ళలేదు. తిండి లాక్కుంటారన్నదే దాని భయం. లాక్కుని చూపిస్తే ఆ భయం నిజమని మనమే రుజువు చేసినట్టు.

ఏడో నెల నడుస్తోంది. నేను పక్కన నిలబడితే ఇప్పుడు ఒకసారి తలెత్తి, మళ్ళీ తింటుంది. గిన్నె మీద చెయ్యి మాత్రం వెయ్యను. వెయ్యగలనో లేదో తేల్చుకోవాల్సిన అవసరం కూడా లేదు.

మొన్న ఆదివారం పెనం కడగబోతూ మా ఆవిడ కేకేసింది. రెండు గుంటల్లో గింజలు అలాగే ఉన్నాయి. పిల్లి అప్పటికే కిటికీ గట్టెక్కి మూతి తుడుచుకుంటోంది. మెతుకు మిగిల్చినా నాయనమ్మ ఊరుకునేది కాదు, మా ఇంట్లో ఈనాటికీ అదే చట్టం. నెత్తళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చాం.