మిజాజ్ అంటే పొగరు కాదు

ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ మాకు నేర్పిన తహజీబ్‌లో ఒకటి, పెద్దవాళ్లు కనిపిస్తే సలాం చేసి "మిజాజ్ కైసే హై?" అని అడగడం. అదే మాట మొహల్లాలో తిట్టు. "మిజాజ్ దిఖారీ" అంటే పొగరు చూపిస్తోందని. మా ఛోటీ ఖాలా ఏళ్లకేళ్లు ఆ తిట్టు పడింది.

కొన్నాళ్లు ఆమె రాత్రి రెండింటిదాకా కుట్టుమిషన్ తొక్కేది. అలసటే లేదు. మాట మొదలుపెడితే ఆగదు. అప్పుచేసి బట్టలు కొని అందరికీ పంచేది. వద్దంటే గుస్సా. తర్వాత ఆ జోరంతా పోయి వారాలకొద్దీ మంచం దిగేది కాదు. తల దువ్వుకోవడం కూడా ముష్కిల్. కొందరు నజర్ అన్నారు, కొందరు సాయా అన్నారు. తావీజులు కట్టారు, దర్గాకు తీసుకెళ్లారు. చివరికి మానసిక వైద్యుడు చెప్పిన పేరు బైపోలార్ డిజార్డర్.

"ఇదేదో అంగ్రేజీ బీమారీ" అన్నారు బంధువులు. ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందటే 'అల్ ఖానూన్'లో మాలీఖోలియా గురించి రాశాడు. యునానీ హకీములు మిజాజ్ చెడితే ఇలాజ్ చేసేవారు. మనసుకు మందు వేసుకోవడం మనకు కొత్తేం కాదు.

ఖాలాకు డాక్టరు లిథియం రాశారు. అదొక లవణం. ఈ జబ్బులో అది పనికొస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ బయటపెట్టాడు. రక్తంలో తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో దాని పాళ్లు పెరుగుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అసలు ఇమ్తెహాన్ రమ్జాన్‌లో. పగలంతా నీళ్లుండవు. తరావీకీ సెహ్రీకీ మధ్య నీంద్ ముక్కలవుతుంది. నిద్ర చెడితే ఈ జబ్బు మళ్లీ లేస్తుంది. డాక్టరు రోజా వద్దన్నప్పుడు ఖాలా ఏడ్చింది. "ఇంట్లో అందరూ రోజా ఉంటే నేనొక్కదాన్నే తినాలా బేటా?" అంది. మా మౌలానా సాబ్ సూరె బఖరాలోని 184, 185 ఆయతుల అర్థం చెప్పారు. బీమార్లకు రుక్సత్ ఉంది. తగ్గే ఆశ లేని జబ్బయితే రోజుకొక మిస్కీన్‌కు అన్నం పెట్టే ఫిద్యా ఉంది. ఇప్పుడు రమ్జానంతా ఖాలా వండిన అన్నం రోజూ ఒక పేదింటికి వెళుతుంది.

ఖాలూ గోడ క్యాలెండరు మీద రోజూ రెండు సంగతులు రాస్తారు: ఖాలా ఎన్ని గంటలు పడుకుంది, దిల్ ఎలా ఉంది. వరసగా రెండు రాత్రులు నిద్ర బాగా తగ్గినా ఆమె హుషారుగా తిరుగుతుంటే డాక్టరుకు ఫోన్ చేస్తారు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే షాబాన్ నెలలోనే డాక్టర్ని కలవండి. మందు మీ అంతట మీరు ఆపకండి, వేళలు మార్చకండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే సర్కారు వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడొచ్చు, ముఫ్త్. దువా చేయండి, దవా కూడా ఇవ్వండి. దస్తర్‌ఖాన్ దగ్గర మాత్రం ఎవరినీ "రోజా నై క్యా?" అని అడక్కండి.