డీజిలు దారి

మానవ దేహంలో రక్తప్రసారం ఎట్టిదో డీజిలు ఇంజనులో ఇంధన ప్రసారం అట్టిదని పాఠ్యగ్రంథాలలో ఒక పోలిక కనిపిస్తుంది. పోలిక వినసొంపుగానే ఉన్నది గాని, దారి మధ్యలో ఆగిపోయిన లారీ ముందు నిలిచినవానికి దాని వలన కలిగే ప్రయోజనం స్వల్పం. మన పల్లెలలో చెరువు క్రింద సేద్యం చేసేవారికి ఇంతకన్న మంచి పోలిక తెలుసు. చెరువుకు తూము ఉన్నది, తూము నుండి కాలువ, కాలువ చివర శివారు పొలం. శివారు పొలం ఎండినప్పుడు రైతు ఆ పొలాన్ని త్రవ్వుకుంటూ కూర్చోడు. గట్టు వెంట నడుచుకుంటూ తూము దాకా పోతాడు. లారీకి డీజిలు ట్యాంకు చెరువు, నాజిలు శివారు పొలం. కాని లారీ ఆగినప్పుడు మాత్రం చాలామంది శివారు నుండే త్రవ్వడం మొదలుపెడతారు. ఈ తేడా వలన ఒక కుటుంబానికి రాబోయిన కష్టం ఎట్టిదో, అది ఎట్లు తప్పినదో విద్యార్థి మిత్రులకు చెప్పవలెనని ఈ వ్యాసం.

మాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలు వచ్చి ఆగిన రేవు. నేడు ఓడలు లేవు. దీపస్తంభం ఉన్నది, కొబ్బరితోటలున్నవి, ఇసుకలో ఆరవేసిన వలలున్నవి, అన్నిటికన్న మిన్నగా ఉప్పుగాలి ఉన్నది. ఆ గాలికి ఇనుమంటే వల్లమాలిన ప్రీతి. తలుపు గొళ్లెం, బావి గిలక, సైకిలు చువ్వ, దేనినీ అది విడిచిపెట్టదు. అటువంటి ఊరిలో మా నాన్నగారు ఒక పాత లారీ కొన్నారు. టాటా వారు జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సంస్థతో 1954లో చేసుకున్న ఒప్పందం 1969లో ముగిసినది. ఆ పదిహేనేళ్లలో తయారైన లారీల ముఖాన మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. మా లారీకి ఆ నక్షత్రం ఉన్నది. అనగా 1986 నాటికి దాని వయస్సు పదిహేడేళ్లకు తక్కువ కాదు.

దాని పని కూడా ఇనుముకు హితమైనది కాదు. నౌపడ ఉప్పుమడుల నుండి ఉప్పు ఎత్తుకొని, శ్రీకాకుళం, విజయనగరం, సాలూరు మీదుగా ఘాటు ఎక్కి కోరాపుట్ వైపు పోవడం, తిరుగు ప్రయాణంలో ఏ సరుకు దొరికితే అది తెచ్చుకోవడం. లారీ కొన్న అప్పుకు నెలనెలా కిస్తీ కట్టవలెను. రెండు కిస్తీలు తప్పితే అప్పిచ్చినవారు లారీని లాగుకొనిపోయే షరతు కాగితంలో ఉన్నది. ఇంట్లో అందరికన్న ఈ సంగతి బాగా తెలిసినది అమ్మకు. ఆమె చేతి గాజుల వంక చూచుకొనేది గాని ఏమీ అనేది కాదు.

ఇక్కడ ఇంజను సంగతి కొంత చెప్పక తప్పదు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ మంట పుట్టిస్తుంది. డీజిలు ఇంజనులో ఆ రవ్వ లేదు. సిలిండరులోని గాలిని పదిహేను రెట్లకు పైగా నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును పొగమంచువలె చిమ్మితే అది తనంత తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు ఈ పద్ధతిలో పనిచేసే ఇంజనును 1897లో నడిపి చూపినాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ జాతి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచినది. అయితే సిలిండరుకు సరిగా కొలిచి, సరియైన క్షణంలో, అంత ఒత్తిడికి ఎదురుగా ఇంధనాన్ని చిమ్మడం ఎట్లు అన్నది చాలాకాలం చిక్కు సమస్యగానే నిలిచినది. రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంధన పంపులను పెద్ద ఎత్తున తయారుచేయనారంభించిన తరువాతనే డీజిలు ఇంజను రోడ్డు మీది బండ్లలో స్థిరపడినది. మన దేశంలో ఆ పంపులు బెంగళూరులో 1951లో స్థాపితమైన మైకో కర్మాగారం నుండి వచ్చేవి. 2008లో ఆ సంస్థ పేరు బాష్‌గా మారినది గాని, పాత మేస్త్రీల నోట అది ఎప్పటికీ మైకో పంపే.

ఆ పంపు లోపల సిలిండరుకొక్కటి చొప్పున ఆరు ప్లంజర్లు. ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందంలో అది ఎన్నో వంతో లెక్క వేసుకోవచ్చును. ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరుగుతూ ఉంటే ఒక్కొక్క సిలిండరుకు నిమిషానికి వేయిసార్లు డీజిలు అందవలెను. అందేది ప్రతిసారీ సుమారు ఒక్క చుక్క. ఇంత సున్నితమైనది గనుకనే అది ఖరీదైనది. ఖరీదైనది గనుకనే ఏ రోగం వచ్చినా ముందుగా దానినే అనుమానించడం మరమ్మతు దుకాణాలకు అలవాటైనది.

మా లారీకి వచ్చిన రోగం ఇది. చదును నేల మీద ఖాళీగా పోతే ఏ లోపమూ లేదు. బరువెత్తి సాలూరు దాటి ఘాటు ఎక్కుతూ ఉండగా అరగంటకో, ముప్పావుగంటకో శక్తి తగ్గును. ఎంత తొక్కినా వేగం రాదు. చివరకు రెండు మూడుసార్లు కుదిపి ఇంజను ఆగిపోవును. చక్రాలకు రాళ్లు పెట్టి పావుగంట ఊరకుంటే మళ్లీ ఏమీ ఎరుగనట్లు స్టార్టగును. మళ్లీ కొంత దూరం, మళ్లీ ఆగుట. ఆ వేసవి సెలవులలో నేను కూలి లేని క్లీనరుగా నాన్నగారి వెంట తిరిగినాను. ఘాటు మలుపులో, వెనుక బస్సులు హారను కొడుతూ ఉండగా, ఉప్పు బరువుతో వెనుకకు జారజూచే లారీకి రాయి పెట్టడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఒక పట్టణంలో పంపుల దుకాణం వారు పంపు విప్పి, కొలతలు సరిచేసి, ఫిల్టర్లు మార్చి బిగించినారు. మూడు ట్రిప్పులు లారీ బాగానే నడిచినది. నాలుగవ ట్రిప్పులో పాత కథ. ఈసారి వారు ఆరు ప్లంజర్లూ, ఆరు నాజిళ్లూ క్రొత్తవి వేయవలెనన్నారు. ఆ ఖర్చు మాకు నాలుగు కిస్తీల మొత్తం. పంపు విప్పి బిగించిన తరువాత మూడు ట్రిప్పులు ఎందుకు నడిచినది అని వారినెవరూ అడగలేదు. వైద్యం జరిగినది, రోగి కొంతకాలం తిరిగినాడు, కాబట్టి వైద్యం సరియైనదే అన్నది లోకంలో చాలా బలమైన తర్కం. లారీ పది రోజులు కదలకుండా నిలిచి ఉండడమూ, క్రొత్త ఫిల్టర్లు వేయడమూ కూడా ఆ చికిత్సలో భాగాలేనని ఎవరికీ తోచదు.

సాలూరు లారీల ఊరు. వేగావతి ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో లారీల యజమానులూ, బాడీ కట్టే వడ్రంగులూ, మేస్త్రీలూ అడుగడుగునా కనిపిస్తారు. గాజులు కుదువ పెట్టే ముందు ఒకసారి చూపుదామని నాన్నగారు అక్కడ ఒక వృద్ధ మేస్త్రీ వద్దకు లారీని తీసుకొనిపోయినారు. ఆయన పానా చేత పట్టలేదు. ముందు ప్రశ్నలు వేసినాడు.

“ఆగిపోయినాక ఎవులూ ఏటీ ముట్టుకోకుండానే మళ్లీ స్టార్టవుతందా బావూ?”

“అవుతంది మేస్త్రీ.”

“గాలి తియ్యక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

ఈ రెండవ ప్రశ్నలో చాలా విషయమున్నది. డీజిలు దారిలోకి గాలి చొరబడితే ఇంజను ఆగుతుంది; ఆగిన తరువాత ఆ గాలిని బయటకు తీయనిదే సాధారణంగా నడవదు. మాది తనంత తానే నడుస్తున్నది గనుక గాలి కాదు. పంపు అరిగిపోతే వేడెక్కినకొద్దీ స్టార్టింగు కష్టమగును గాని పావుగంట విశ్రాంతితో కొండ ఎక్కేంత బలం రాదు. ఇక మిగిలినది దారి మూసుకుపోవడం, అదీ ఆగితే తెరుచుకొనే విధంగా మూసుకుపోవడం.

తరువాత ఆయన ట్యాంకు మూత విప్పి చెవి పెట్టినాడు. మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది పూడితే డీజిలు ఖర్చయ్యేకొద్దీ లోపల గాలి పలుచబడి, డీజిలు కదలడం మానుకుంటుంది. మూత విప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. బుస్సుమనలేదు. అప్పుడు ఫీడు పంపుకు ఉండే చేతి మీటను లాగి చూచినాడు. పైకి లాగితే బరువుగా ఉన్నది, చేయి విడిస్తే లోపలికి పోజూచుచున్నది. ఆయన ముఖాన చిరునవ్వు కనిపించినది.

“పంపుకేటీ రోగం నేదు బావూ. తిండి నేక సొమ్మసిల్లిపోతంది.”

నాన్నగారికి నమ్మకం కుదరలేదు. పది రోజులుగా అందరూ పంపు పోయినదంటూ ఉంటే ఎవరికి కుదురుతుంది? మేస్త్రీ మాటతో ఒప్పించే ప్రయత్నం చేయలేదు. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, దానిని క్యాబిను వెనుక ఎత్తుగా కట్టి, ట్యాంకు గొట్టం విప్పి డబ్బా గొట్టాన్ని ఫీడు పంపుకు తగిలించినాడు. అదే ఉప్పు బరువుతో ఘాటు ఎక్కించమన్నాడు. ఆగలేదు. ప్రతిరోజూ ఆగే రెండు మలుపులూ దాటిపోయినది.

ఈ పరీక్షను ఇంత వివరంగా చెప్పడానికి కారణమున్నది. ఒక్క డబ్బాతో ఆయన డీజిలు దారిని రెండు ముక్కలు చేసినాడు. ఫీడు పంపు మొదలు నాజిలు వరకు ఉన్న ఖరీదైన భాగమంతా నిర్దోషి అని తేలినది. దోషి మిగిలిన ముక్కలో, అనగా ట్యాంకులోనో, నాలుగడుగుల గొట్టంలోనో ఉన్నాడు. ఇంత చవకైన పరీక్ష ఇంత పెద్ద తీర్పు చెప్పడం నేను ఆ తరువాత చదివిన భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో కూడా అరుదుగానే చూచినాను.

ట్యాంకు అడుగు బోల్టు విప్పగా మొదట నీరు వచ్చినది. పిమ్మట ఎర్రని బురద. లోపలికి దిగే గొట్టం చివర సన్నని తీగజల్లెడ ఉన్నది. దాని చుట్టూ తుప్పు పెచ్చులు, చేప పొలుసులవలె పలుచనివి, అంటుకొని ఉన్నవి. ఇంజను గట్టిగా లాగినప్పుడు అవి జల్లెడకు అంటుకొని దారి మూసివేస్తాయి. ఆగగానే పీల్పు పోయి అడుగున పడతాయి. పావుగంట విశ్రాంతిలోని మర్మమిదే. చదును నేలపై ఇంజను త్రాగేది తక్కువ గనుక సగం మూసుకున్న జల్లెడ కూడా సరిపోయినది.

ట్యాంకును దింపి, వేగావతి నుండి తెచ్చిన గులకరాళ్లు లోపల వేసి, కొంచెం డీజిలు పోసి, ఇద్దరు మనుషులు ఒక పూటంతా అటూ ఇటూ దొర్లించినారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. ఎర్రనీరు తెల్లబడే వరకు కడిగినారు. మేస్త్రీ తీసుకున్న కూలి ఒక్క ట్రిప్పు లాభం కూడా కాదు.

ఆ నీరు ఎక్కడిదన్నది నాన్నగారి సందేహం. బంకులో కల్తీ అని ఆయన అనుకున్నారు. కొంత అదీ కావచ్చును. కాని సముద్రపు ఒడ్డున సగం ఖాళీ ట్యాంకుతో లారీని రాత్రంతా నిలిపితే, ఖాళీ సగంలో ఉన్న తేమగాలి తెల్లవారుజామున చల్లబడి రేకు లోపలివైపున చెమటగా పట్టి క్రిందికి జారుతుంది. నీరు డీజిలు కన్న బరువు గనుక అడుగున చేరి ఇనుమును తింటుంది. దీనికి విరుగుడు రెండే: సాయంకాలమే ట్యాంకు నింపుకోవడం, ఉదయం బండి కదలకముందు, అడుగున అంతా తేరుకొని ఉన్నప్పుడు, బోల్టు సడలించి ఒక గ్లాసెడు తీయడం. ఆ పని నాకు అప్పగించినారు. గాజు సీసాలో పట్టి వెలుగుకు ఎత్తి చూస్తే క్రింద నీరు, పైన డీజిలు, మధ్య స్పష్టమైన గీత. వానాకాలంలో ఆ గీత పైకి జరిగేది.

తరువాతి సంవత్సరాలలో గాలి రోగం కూడా చూచినాము. ట్యాంకుకూ ఫీడు పంపుకూ మధ్య గొట్టంలో పగులు ఉంటే అక్కడ డీజిలు కారదు. ఇంజను లాగుచున్నంతసేపు బయటి గాలి లోపలికి పోతుంది. కనుక చుక్క కారలేదు కాబట్టి లీకు లేదు అనుకొనేవాడు రోజంతా వెదకవలసినదే. రాగి వాషర్లు గట్టిపడినా అంతే. వాటిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే ఇనుమువలె గట్టిపడవు, మెత్తబడతాయి. గాలి తీసేటప్పుడు క్రమం ట్యాంకు వైపు నుండే: ముందు ఫిల్టరు స్క్రూ, పిదప పంపు స్క్రూ, చివరకు నాజిలు గొట్టాల నట్లు. నురుగు పోయి నిండు ధార వచ్చే వరకు చేతి మీట కొట్టవలెను. నాజిలు చిమ్ముతున్నదా లేదా అని చేయి అడ్డుపెట్టి చూచేవారున్నారు. అది సాహసం కాదు, మూర్ఖత్వం. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. వ్రేలు తీసివేయవలసి వచ్చినవారున్నారు.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా భారత్ స్టేజి 6 ప్రమాణాలు వచ్చిన తరువాత క్రొత్త లారీలలో ఆ ఆరు ప్లంజర్ల పంపు కనిపించదు. కామన్ రైలు పద్ధతిలో వేయి వాతావరణాలకు ఎంతో మించిన పీడనంతో, కంప్యూటరు ఆజ్ఞ మేరకు ఇంధనం చిమ్మబడుతున్నది. లోపమేమిటో తెర మీద అంకెలలో పడుతుంది. అయినను ఆ తెర “పీడనం తక్కువ” అని చెప్పినప్పుడు, కారణం పంపులో ఉన్నదా, ట్యాంకు జల్లెడలో ఉన్నదా అన్నది వంగి చూడవలసినదే. ఇంధనంలో నీరు చేరితే వెలిగే దీపం కూడా డ్రైవరు ముందు పెట్టినారు. మా గాజు సీసా చేసిన పని అది.

అప్పు తీరినది 1989లో. అమ్మ గాజులు ఆమె చేతికే ఉన్నవి. 1993లో లారీని ఇటుకబట్టీ యజమాని ఒకరు కొన్నారు. ఆయన వెంట వచ్చిన మెకానిక్కు తక్కినవన్నీ పైపైన చూచి, పంపు దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, చేయి వేసి అదురు చూచి, ఈ పంపు క్రొత్తగా వేయించినారా అని అడిగినాడు. లేదు, బండితో వచ్చినదే అని నాన్నగారు చెప్పినారు.