అత్తయ్యగారు పుట్టిన ఊళ్ళో...

బర్మా అనగానే మీకేం గుర్తొస్తుందో గాని, మాకు మా అత్తయ్యగారే గుర్తొస్తారు. ఆవిడ పుట్టింది రంగూన్‌లో. వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఓడెక్కి వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారట. 1942లో జపాన్‌వాళ్ళ బాంబులకి భయపడి, అందరితోపాటు వీళ్ళూ అడవులకి అడ్డంపడి నడిచొచ్చేశారు. అప్పటికి అత్తయ్యగారికి నాలుగేళ్ళు.

2019లో మేమిద్దరం ఆ ఊరు బయల్దేరుతుంటే ఆవిడ ఒక్కటే అడిగారు. "నేను పుట్టింది లక్ష్మివారం. పెద్ద పగోడాలో నా మూల దగ్గర నీళ్ళు పొయ్యి తల్లీ."

ఆ పెద్ద పగోడాయే ష్వేడగాన్. రంగూన్‌ని ఇప్పుడు యాంగాన్ అంటున్నారు. గుట్ట మీద దాదాపు 326 అడుగుల ఎత్తున బంగారు రేకులతో ధగధగలాడుతూ ఉంటుంది. లోపల బుద్ధుడి తలవెంట్రుకలు ఎనిమిది ఉన్నాయని వాళ్ళ నమ్మకం. నాలుగు వైపులా కప్పున్న మెట్లు, మెట్ల పొడుగునా పువ్వుల దుకాణాలు. చెప్పులే కాదు, మేజోళ్ళు కూడా కిందే విప్పెయ్యాలి. భుజాలు, మోకాళ్ళు కనిపించకూడదు కనుక మన చీరే హాయి. మధ్యాహ్నం వెళ్ళకండి, పాలరాయి కాళ్ళు కాల్చేస్తుంది. పై అంతస్తు అరుగు మీదికి మాత్రం ఆడవాళ్ళని రానివ్వరు. నాకు చివుక్కుమంది.

పగోడా చుట్టూ వారాలకి ఎనిమిది మూలలున్నాయి. వారాలు ఏడే కదా అంటారా? బుధవారాన్ని రెండు చేశారు. పొద్దున పుడితే దంతాలున్న ఏనుగు, మధ్యాహ్నం దాటాక పుడితే దంతాల్లేని ఏనుగు. లక్ష్మివారానిది ఎలుక. చిన్న గిన్నెతో బుద్ధుడి బొమ్మ మీద నీళ్ళు పోస్తారు. అత్తయ్యగారికి ఎన్నేళ్ళో అన్ని గిన్నెలు లెక్కపెట్టి పోశాను. పెద్ద పని చేసినట్టు మురిసిపోయాను.

ఇంటికొచ్చి ఫోటోలు చూపిస్తే, అన్నీ చూసి మెల్లిగా అడిగారు. "పక్కన రాహువు మూల ఉంటుందే, అక్కడ పోశావా?"

"అక్కడెవరికండీ?"

"మా చెల్లికి. బుధవారం సాయంత్రం పుట్టిందని అమ్మ చెప్పేది. దారిలోనే పోయింది."

అత్తయ్యగారికో చెల్లెలుండేదని మావారికే తెలీదు! ఆ మూల దగ్గరే, దంతాల్లేని ఏనుగు పక్కన నేను నవ్వుతూ దిగిన ఫోటో అప్పటికి ఆవిడ చేతిలోనే ఉంది.

మళ్ళీ వెళ్ళొద్దామనుకుంటూండగానే 2021లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది, గొడవలు మొదలయ్యాయి. మరుసటేడు అత్తయ్యగారూ వెళ్ళిపోయారు.

మీరు ఏ దేశం వెళ్ళినా సరే, పెట్టె సర్దుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన ఓ పూట కూర్చోండి. వాళ్ళు అడిగిందే కాదు, అడగలేక ఊరుకున్నదేమిటో కూడా కనుక్కుని వెళ్ళండి.