గుమ్మముదగ్గరి పిల్లవాడు

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి ఇరువదియేండ్లు దాటినది. ఈ కాలములో పిల్లలకు నేర్పిన పాఠములకంటె, పిల్లల విషయమున నేను చేసిన పొరపాట్లే నాకు ఎక్కువగా జ్ఞాపకమున్నవి. వానిలో నొకదానిని చదువరులకు విన్నవింపదలచితిని.

2013వ సంవత్సరమున నేను గుంటూరునకు సమీపమున నొక ఉన్నతపాఠశాలలో తెలుగును, అవసరము వచ్చినపుడు ఇంగ్లీషును బోధించుచుంటిని. మా పిల్లలలో సగముమంది మిర్చి యార్డు నాశ్రయించి బ్రతికెడి కుటుంబములవారు. తండ్రులు టిక్కీలు మోయుదురు. తల్లులు కాయలకు తొడిమలు తీయుదురు. పంట వచ్చెడి దినములలో పిల్లల బట్టలనుండి మిరపఘాటు వచ్చి, పద్యము చదువుచుండగానే నాకు తుమ్ములు పట్టుకొనెడివి. తొమ్మిదవ తరగతిలో నొక బాలుడుండెను. వయస్సు పదునాలుగేండ్లు. ఎప్పుడును గుమ్మముదగ్గరి బల్లమీదనే కూర్చుండును. వేఱొకచోట కూర్చుండుమనిన కూర్చుండి, నేను నల్లబల్లవైపు తిరుగగానే మరల గుమ్మముచెంతకు చేరును. మధ్యాహ్నమువరకు నిద్రపోవును. వెనుకనుండి ఎవరైన భుజముమీద చేయి వేసిన త్రుళ్లిపడి పిడికిలి బిగించును. ఒకనాడు ఆ పిడికిలి తోడివిద్యార్థి ముక్కునకు తగిలి రక్తము వచ్చినది.

నేను వానిని కొట్టలేదు. దయచేత కొట్టలేదని చెప్పుకొనజాలను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 17వ నిబంధన విద్యార్థిని దేహముతో దండింపరాదనియు, మనస్సును హింసింపరాదనియు చెప్పుచున్నది. అందు మొదటిమాటను మేము జ్ఞాపకముంచుకొంటిమి. రెండవదానికి ఒంటిమీద మచ్చలు పడవు గనుక మరచితిమి. ఆ బాలుని తరగతి యెదుట నిలువబెట్టి, "రాత్రుళ్లు దొంగతనానికి పోతున్నావా ఏమిరా?" అని యడిగితిని. పిల్లలు నవ్విరి. ఆ నవ్వు నాకు కొంత సంతోషమునే కలిగించినదని నేడు ఒప్పుకొనుచున్నాను. వాడు బదులు చెప్పక గుమ్మమువైపే చూచుచుండెను. మరునాటినుండి బడికి రాలేదు.

నాలుగు దినములైన పిదప వాని తల్లి వచ్చినది. లోపలికి రమ్మనిన రాక వరండాలోనే నిలిచి, కొంగుతో చేతులు తుడుచుకొనుచు మాటలాడినది.

"మావాడు దొంగ కాదు మాస్టారూ. వాళ్ల నాన్న తాగి వచ్చినప్పుడు నా మీదికి రాకుండా గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడు. ఆయన నిద్రపోయినా వీడు కళ్లు మూయడు. వద్దురా అంటే వినడు."

"ఈ సంగతి ముందే చెప్పవచ్చు కదమ్మా?" అంటిని.

"ఇంట్లో గొడవ బళ్లో ఏం చెప్పుకుంటామండీ? చెబితే ఊరుకోనన్నాడు. మగపిల్లాడు కదా, సిగ్గు."

ఆమె వెడలిపోయిన తరువాత చాలసేపు ఆ గుమ్మమునే చూచుచు కూర్చుంటిని. వాడు మా తరగతిలోనికి తన యింటి కాపలాను తెచ్చుకొన్నాడు. నేను దానిని అవిధేయత యనుకొంటిని.

ఆపద తోచినపుడు గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, నిద్ర తొలగును. ఇది మనలను కాపాడుటకు శరీరమునకున్న యుపాయము. ఆపద ప్రతిరాత్రియు వచ్చునదైనపుడు ఈ యుపాయమే వ్యాధిగా మారును. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులలో నిట్టి స్థితిని గమనించిన పిమ్మట, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దానికొక పేరు పెట్టి తమ వ్యాధుల పట్టికలో చేర్చుకొన్నది. సైనికుడు యుద్ధభూమిని విడిచి వచ్చినవాడు. మా బాలుడు ప్రతిసాయంకాలము అక్కడికే పోవలసినవాడు.

పేదరికము తనంతట తాను పిల్లవాని కొట్టదు. కొట్టెడి చేతికిని వానికిని నడుమ నుండవలసిన అడ్డుల నన్నిటిని తీసివేయును. ఇల్లంతయు నొకటే గది; తగవు వచ్చినపుడు పిల్లలను పంపుటకు మఱియొక గది లేదు. యార్డులో పని తగ్గిన నెలలలో అప్పు పెరుగును, అప్పుతో త్రాగుడు పెరుగును. ఆడపిల్లను చీకటిపడగానే ఇంటిలో కూర్చుండబెట్టెదరు. మగపిల్లవానిని తండ్రిని పిలుచుకొని రమ్మని మద్యపుదుకాణమునకు పంపెదరు. అచ్చట కత్తిపోటు చూచినను, పెద్దవాడొకడు వానితో కానిపని చేసినను, వాడు ఇంటికి వచ్చి చెప్పడు. మగవానికి అట్టివి జరుగవని మనము వానికి ముందే నేర్పియున్నాము.

జరుగుచున్నవని లెక్కలే చెప్పుచున్నవి. 2007లో కేంద్ర ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన నివేదిక కొఱకు 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించిరి. దెబ్బలు తిన్నవారు నూటికి 69 మంది; ఏదో యొక విధమైన లైంగికవేధింపునకు గురియైనవారు నూటికి 53 మంది. ఈ రెండు తెగలలోను సగముకంటె నెక్కువ మంది బాలురే. బాలల రక్షణకై 2012లో వచ్చిన పోక్సో చట్టము బాలికలకెట్లో బాలురకు నట్లే వర్తించును. ఈ సంగతి మా ఉపాధ్యాయులగదిలో చెప్పినపుడు ఇద్దరు మిత్రులు నమ్మక, చట్టము తెరచి చూచిరి.

ఇక్కడ మన యిండ్లను గూర్చియు నొక మాట. ఇదంతయు కూలివాడల వ్యాధి యని మనము నిశ్చింతగా నుండరాదు. 1998లో ఫెలిట్టి, అండా అను వైద్యులు అమెరికాలోని శాన్‌డియేగోలో తొమ్మిదివేల అయిదువందలకు పైబడిన పెద్దలను వారి బాల్యమును గూర్చి యడిగి ఫలితములను ప్రకటించిరి. వారిలో ననేకులు చదువుకొన్నవారు, వైద్యభీమా గలవారు. అయినను సగముకంటె నెక్కువమంది ఏదో యొక కీడు ననుభవించియే పెరిగినారు. అట్టి కీడులు ఎన్ని కూడిన, పెద్దతనమున గుండెజబ్బులు, త్రాగుడు, ఆత్మహత్యాప్రయత్నములు అంత హెచ్చుగా కనబడినవి. మన యిండ్లకు గోడలు దళసరి. కేక వీధిలోనికి వినబడదు.

నేను సంస్కృతము చదువుకొన్నవాడను. దండనమును సమర్థించుకొనుటకు మాకొక నీతిశ్లోకము సిద్ధముగా నుండును. ఆ శ్లోకమే చివర, పదునాఱేండ్ల కుమారుని మిత్రునివలె చూడుమనుచున్నది. ఆ భాగమును బడిలో ఎవరైనను ఉదాహరింపగా నేను వినలేదు, నేను ఉదాహరింపను లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణమునకు అడ్డుపడినపుడు నేను బడిపిల్లవాడను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చినది, 1997లో తొలగినది. ఆ తల్లుల వీపులమీది దెబ్బలను గూర్చి మా యింట పెద్దలు మాటలాడుకొనగా వింటిని. ఆ వీపులకు అడ్డముగా నిలిచిన నా యీడు పిల్లల సంగతి అప్పుడు నాకు తోచలేదు. మా పెద్దలకును తోచినట్లు లేదు.

నేను ఆ బాలుని యింటికి పోతిని. "నేనన్న మాట తప్పురా. తరగతిలో అందరియెదుట కూడ చెబుతాను," అంటిని. వాడు, "వద్దు సార్, మళ్లీ నవ్వుతారు," అనెను. ఆ మాటకు లోబడితిని. వాడు తిరిగి వచ్చెను. గుమ్మముదగ్గరి బల్ల వానిదే యయినది. మొదటి రెండు పీరియడ్లు నిద్రపోయినను లేపవద్దని తోడివారిని బ్రతిమాలుకొంటిని. లెక్కల మాస్టారు మాత్రము ఒప్పుకొనలేదు. వాని తండ్రితో రెండుసార్లు మాటలాడితిని. మొదటిసారి యేడ్చెను, రెండవసారి నన్ను తిట్టెను. నావలన ఆ యింటిలో మారినదేమియు లేదు. బాలుడు పదవతరగతిలో ఇంగ్లీషు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కెను.

ఇప్పుడు వాడొక కోల్డు స్టోరేజిలో లెక్కలు వ్రాయుచున్నాడు. గతవేసవిలో యార్డు వీధిలో నన్ను గుర్తించి, "టీ తాగుదాం రండి మాస్టారూ," అని పిలిచెను. నేను దుకాణములో పంకా క్రింద కూర్చుంటిని. వాడు కుర్చీని వాకిటివైపు లాగికొని, గోడకు వీపు ఆనించి కూర్చుండెను. తల్లి బాగున్నదని చెప్పెను. తండ్రిమాట వాడెత్తలేదు, నేను అడుగలేదు. డబ్బులు వాడే ఇచ్చెను.