చైత్రంలో చిమ్మిలి

చలి తగ్గి ఇప్పచెట్లు పూతకొచ్చాయంటే అరకు చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల్లో పొద్దుటి ఓపీ పలచబడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారకముందే రాలతాయి. ఆలస్యమైతే పశువుల పాలో, ఎలుగుబంటి పాలో అవుతాయి. అందుకే చీకటుండగానే తట్టలు పట్టుకుని ఇల్లిల్లూ చెట్ల కిందికి చేరుతుంది. ఒళ్లు వెచ్చబడినా, మోకాలు వాచినా "పూలయ్యాక సూద్దాం" అంటారు. అలాంటి రోజుల్లో కూడా ఓపీకి వచ్చి బల్ల మీద కూర్చునే ముసలివాళ్లను కాస్త నిదానంగా చూడాలని అక్కడ పనిచేసిన ఒక వైద్యురాలికి కొన్ని వేసవులు గడిచాక తెలిసింది. వాళ్లలో చాలామంది ఆ ఏడు పూలేరడం మానుకున్నవాళ్లు.

ఒక అవ్వ సంగతి చూడండి. తలనొప్పి, నడుం నొప్పి, నిద్ర పట్టదు, తిండి సయించదు. బీపీ కొంచెం ఎక్కువ, రక్తం కొంచెం తక్కువ. రెంటికీ మందులిచ్చారు. తర్వాతి వారం మళ్లీ అవే మాటలు. అవ్వ మాట్లాడే ఆదివాసీ ఒడియాను తెలుగు చేసి చెబుతున్న ఆశా కార్యకర్త, డాక్టరు అడగని విషయం ఒకటి మధ్యలో అనేసింది. కంటికి పొర కమ్మిందని, చీకట్లో పడితే కాలు విరుగుతుందని ఈ ఏడు కోడలు పూలకు వెళ్లనివ్వలేదట. కోడలి భయం న్యాయమైనదే. కానీ అవ్వకు నిద్ర పోయింది అప్పటి నుంచే.

పట్నంలో మనిషి ఒక తేదీన రిటైరవుతాడు. శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. కొండమీద అలాంటి తేదీ లేదు. బలమున్నంత కాలం పోడు పని, కట్టెలు, పూలు, అడ్డాకులు. కన్నో మోకాలో మొరాయించిన రోజున పని ఆగుతుంది, ఆ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. వృద్ధులకు కాలక్షేపం కల్పించాలని పట్నంలో చెప్పే మాట ఇక్కడ అతకదు. పొద్దు గడవకపోవడం వాళ్ల బాధ కాదు. పదిమందితో కలిసి చేసే పనిలో తమ చోటు పోయిందన్నదే బాధ.

మంచి కోసం వచ్చిన ఏర్పాట్లు కూడా ఇందులో తెలియకుండానే ఒక చెయ్యి వేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛను నెల మొదట్లో గుమ్మంలోకే వస్తుంది. 2025 జూన్ నుంచి 65 ఏళ్లు దాటినవాళ్లకు రేషనూ ఇంటికే. నడవలేనివాళ్లకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. అయితే ఇల్లు కదలడానికి మిగిలిన రెండు సాకులూ దాంతో తీరిపోయాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఒకటి 2025లో లెక్క చెప్పింది. అది మేడల్లో ఉండేవాళ్ల జబ్బని మనం అనుకుంటాం. నలుగురు మనవలున్న ఇంట్లో, అందరూ కొండకు పోయాక అరుగు మీద మిగిలిన అవ్వను ఆ లెక్కలో వేసుకోం.

వృద్ధుల ఆరోగ్యం కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు వృద్ధుల క్లినిక్ నడపాలి. చైత్రమాసంలో కొండమీది ఆదివాసీలు చేసుకునే ఇటుకల పండగ దగ్గరపడుతున్న వారం, ఆ క్లినిక్ రోజున వైద్యురాలు వరండాలో రోలు పెట్టించి మూడు రాళ్ల పొయ్యి కట్టించారు. చోడి చిమ్మిలి చేద్దామని కబురు పంపారు.

చిమ్మిలి ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన తీపి. చోడిపిండిలో, అంటే రాగిపిండిలో, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లతో కలిపి, రొట్టె తట్టి పెనం మీద కాల్చాలి. దాన్ని తుంపి, వేయించిన నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచి, వేడిమీదే ఉండలు కట్టాలి. నూనె బాండీ అక్కర్లేదు, పాకం పట్టే గొడవ లేదు. పెద్దవాళ్లతో చేయించడానికి ఇంతకన్నా అనువైన తీపి దొరకడం కష్టం. బెల్లం అనకాపల్లి నుంచి వచ్చింది. తగువు నువ్వుల దగ్గర మొదలైంది. "నువ్వులేటికమ్మా, మా వలిసెలు నేవా?" అంది ఒక ముసలమ్మ. చలికాలంలో పర్యాటకులు పసుపు తోటల్లో ఫొటోలు దిగి వెళ్లిపోతారే, ఆ పూల తాలూకు గింజలే వలిసెలు. ఇంకో అవ్వ, ఎండి కిస్‌మిస్‌లా ముడుచుకున్న ఇప్పపూలు గుప్పెడు తెచ్చింది. ఇప్ప అనగానే సారా గుర్తొచ్చి కుర్ర నర్సు నవ్వింది. నవ్వాల్సిందేం లేదు. తెలంగాణలో ఉట్నూరు ఆదివాసీ మహిళలు సహకార సంఘం పెట్టి ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముతున్నారు. చివరికి నువ్వులు పక్కకు పోయాయి. వలిసెలు, ఇప్పపూలు రోట్లో పడ్డాయి. వైద్యురాలు వాదించలేదు. ఆ రోజు ఆ వరండాలో తీపి గురించి అందరికన్నా తక్కువ తెలిసిన మనిషి ఆమే.

ఎవరికి ఏ పని అన్నది మాత్రం ఆమె చూసుకున్నారు. రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లకు ముందు కఫం పరీక్ష, ఆ తర్వాతే వంట. చేతులు కడగడం అందరికీ. నిలబడి రోకలి వేయడం పడుచువాళ్ల పని. మోకాళ్లు వంగనివాళ్లకు బల్ల మీద కూర్చుని బెల్లం తరగడం. గింజల్లో రాళ్లు ఏరే పని కావాలనే కొందరికి ఇచ్చారు. ఇద్దరు రాయిని చేత్తో తడిమి తీస్తున్నారు తప్ప కంటితో చూడటం లేదు. ఎప్పుడడిగినా "కనబడతాది" అనేవాళ్లే ఆ ఇద్దరూ. కంటి శస్త్రచికిత్స జాబితాలో పేర్లు అలా ఎక్కాయి.

ఉండలు కట్టే చోట ఇంకొకటి బయటపడింది. ఒక తాత ఎడమచేత్తో చకచకా కడుతున్నాడు. కుడిచెయ్యి మాత్రం ఉండను పట్టుకుని ఆగిపోతోంది; వేళ్లు తిరగడానికి నిమిషం పడుతోంది. ఓపీలో ఆయన "బలం లేదు" అని మాత్రమే చెప్పేవాడు, వయసు కదా అని అందరూ ఒప్పుకునేవాళ్లు. నడిపించి చూస్తే ఆ కుడిచెయ్యి ఊగడమూ లేదు. విశాఖ పంపితే పార్కిన్సన్స్ అని తేలింది. ఇప్పుడు లెవోడోపా మాత్ర మీద నడుస్తున్నాడు, రోకలి కూడా అడుగుతున్నాడు. పరీక్ష గదిలో ఐదు నిమిషాల్లో కనబడనిది చిమ్మిలి ఉండ దగ్గర కనబడింది.

మతిమరుపు పరీక్ష మరీ చిక్కు. ఇవాళ ఏ తేదీ, వందలోంచి ఏడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి: మామూలు ప్రశ్నావళులన్నీ బడికి వెళ్లినవాళ్ల కోసం తయారైనవి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం చదువు రాని వృద్ధులకు తగ్గట్టు మార్చిన హిందీ ప్రశ్నావళి 1995లో అచ్చయింది. కొండమీద ఆ మార్పు ఇంకో మెట్టు దిగాలి. తేదీ తెలియని అవ్వ, ఇటుకల పండగ ఇంకెన్నాళ్లో వేళ్ల మీద చెప్పేస్తుంది. ఒకామె అదీ చెప్పలేకపోయింది. కొడుకు పేరు తడబడింది. గంజి మాడ్చిందని ఇంట్లో పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశారు. ఆ రోజు రొట్టె తట్టమంటే మాత్రం పిండి ముద్ద చూసి, ఇంకో చుక్క నీళ్లు చిలకరించి, వేలి ముద్రలు కనబడేంత పలచగా తట్టింది. కొత్త సంగతులు దాచుకునే మెదడు భాగం అల్జైమర్స్‌లో ముందే దెబ్బతింటుంది. చేతికి అలవాటైన పనులు దాచేది వేరే చోటు, అది చాలాకాలం నిలుస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది; ఆమె కోడలికి నమ్మకం కుదిరింది మాత్రం రొట్టె చూశాకే. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొద్దు, పక్కన ఒకరుండి పిండి పని చేయనివ్వండి అని చెప్పి పంపారు. మాత్రలు రాయడం కన్నా ఈ మాట ఒప్పించడానికే ఎక్కువసేపు పట్టింది.

తినే దగ్గర వైద్యురాలు కఠినంగానే ఉన్నారు. చోళ్లలో సున్నం బాగా ఉంటుంది, నూరు గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాములు. బియ్యంలో ఆ ఊసే తక్కువ. అంతవరకూ ముసలి ఎముకలకు మంచిదే. బెల్లం చక్కెర కాదు కాబట్టి షుగరు వాళ్లూ తినొచ్చన్న నమ్మకం కొండమీదా ఉంది, కిందా ఉంది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరలే. షుగరున్న అవ్వలకు ఉసిరికాయంత ఉండ ఒక్కటి, ఆ పూట అన్నం తగ్గించుకుని. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన ఒక పెద్దాయనకు చిమ్మిలి ఇవ్వనే లేదు. పొడిపొడిగా ఉండే తీపి గొంతులో అడ్డం పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిక్కటి చోడి అంబలిలో బెల్లం కలిపి ఇస్తే అలిగాడు, ఆనక తాగాడు.

మొదట చెప్పిన అవ్వకు నిద్ర పట్టిందా అంటే, కొంత. బీపీ మాత్ర మానలేదు, రక్తం మాత్రలూ మానలేదు. చిమ్మిలితో ఏ జబ్బూ నయమైందని ఆ వైద్యురాలు ఎక్కడా రాసుకోలేదు. అవ్వ కాలం తప్పకుండా క్లినిక్‌కు రావడం మొదలెట్టింది, అది రిజిస్టరులో ఉంది. ఇంట్లో ఎండబెట్టిన ఇప్పపూల కేసరాలు దులిపి, బాగుచేసే పని ఇప్పుడు ఆమెదే. కూర్చుని, పగటి వెలుగులో చేసే పని. కోడలికీ భయం లేదు.

ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళితే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి వచ్చే బళ్లను ఆపి డబ్బులు వసూలు చేస్తారు. వేట నుంచి వట్టి చేతులతో వచ్చిన మగవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఆ ఎగతాళి వారమంతా నడుస్తుంది. మరుసటి ఏడు చిమ్మిలికి బెల్లం డబ్బులు డాక్టరమ్మ జేబులోంచి రాకూడదని అవ్వలే తీర్మానించారు. దుంగ దగ్గర వచ్చినదాంట్లో ఒక వాటా పక్కన పెట్టాలి, దంచడానికి కోడళ్లు రావాలి, నువ్వుల మాట ఎత్తకూడదు. కోడళ్లు మొదటి రెంటికీ ఒప్పుకున్నారు. మూడోదాని మీద పంచాయతీ ఇంకా తెగలేదు.